ముప్పై ఒకటో లైగాండ్

ఫిబ్రవరి 9, సోమవారం

తొంభై ఒక్క శాతం.

ఇంకోసారి రాసుకోవాలని ఉంది. తొంభై ఒకటి. ల్యాబ్ నోట్‌బుక్‌లో ఏ అంకైనా ఒక్కసారే రాయాలి, పక్కన సంతోషానికి గడి ఉండదు. పైగా అక్కడ ప్రతి పేజీ కింద ఇంకొకరు సంతకం పెట్టాలి. అందుకే అలమర అడుగు నుంచి ఈ డైరీ తీశాను. దీన్ని ఎవరూ చదవరు, ఎవరూ సంతకం పెట్టరు.

ఇంట్లో ముందు మావయ్యగారికి చెప్పాను. ఆయనకు వినికిడి తక్కువ, చెవి దగ్గర అరవాలి. నికెల్ అనే లోహం ఒంటరిగా వదిలేస్తే మాట వినదని, నల్లటి మడ్డిగా మారి ఫ్లాస్కు అడుగున కూర్చుంటుందని, దాన్ని పట్టుకుని దారిలో పెట్టే అణువునే లైగాండ్ అంటారని, నాలుగేళ్ళుగా నేను కాగితం మీద గీసి, చేసి, పారబోస్తున్నవి అవేనని చెప్పాను. ముప్పై పారబోశాను. ముప్పై ఒకటోది రెండు ఫాస్ఫరస్ చేతులతో నికెల్‌ను గట్టిగా పట్టుకుంది. ఇప్పుడది రెండు అణువులను చెప్పిన చోట అతికిస్తోంది. ఇన్నాళ్ళూ ఈ పనికి బంగారంతో పోటీపడే పల్లాడియం తప్ప దిక్కు లేదు. ఆయన ఓపిగ్గా అంతా విని, "తొంభై ఒకటా? మంచి వయసే. ఎప్పుడు పోయారు?" అన్నారు.

మా ఆయన ముందు గదిలో ఎవరివో కట్టుడు పళ్ళు సానపడుతున్నాడు. మోటారు ఆపి, తొంభై ఒకటి అంటే ఫస్టు క్లాసేగా, మరి ముఖం అలా పెట్టావేమని అడిగాడు. నా ముఖానికేమైంది? అలిసిపోయానంతే.

ఫిబ్రవరి 11, బుధవారం

పెద్దాయన నా దిగుబడి అంకె చూసి కుర్చీలోంచి లేచారు. పన్నెండేళ్ళలో ఆయన నాకోసం లేవడం ఇదే మొదలు. మా ల్యాబ్‌కు ఆయనే అధిపతి. జూన్ ఆఖరికి పదవీ విరమణ, ఆలోగా పేపర్ పత్రికకు వెళ్ళాలని ఆయన కోరిక. అయితే ఆయన పెట్టిన నియమం ఒకటుంది. కొత్తది ఏదైనా సరే, ఇంకో మనిషి, మొదటి మెట్టు నుంచి, నోట్‌బుక్‌లో రాసి ఉన్నది మాత్రమే చూసి, మళ్ళీ చేసి చూపించాలి. ఆ తర్వాతే పేపర్ కదులుతుంది.

ఆ ఇంకో మనిషి పొదుపు. నా కింద చేరి ఎనిమిది నెలలైంది. మాటలు అంత పొదుపుగా వాడుతుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను, ఆమెకు తెలుసు, ఏమీ అనదు. ఆమె నియామకం ఏప్రిల్ పదితో ముగుస్తుంది. పొడిగించాలా వద్దా అన్నది నా రిపోర్టు మీద ఉంది, దాన్ని మార్చి మొదటి వారంలోగా ఇవ్వాలి. ఈ పని సవ్యంగా చేస్తే నాలుగు మంచి ముక్కలు రాస్తాను.

నోట్‌బుక్ ఆమె చేతికిచ్చాను. అందులో అంతా ఉందని చెప్పాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పొదుపుకు వచ్చింది: పన్నెండు శాతం.

ఫిబ్రవరి 21, శనివారం

ఆమె చేతులే. ఇంకేముంటుంది?

ఫిబ్రవరి 26, గురువారం

రెండోసారి తొమ్మిది.

ఈరోజు పొద్దున్నుంచీ ఆమె పని చూస్తూ నిలబడ్డాను. తప్పు పట్టుకోవాలనే నిలబడ్డాను, ఇక్కడ అబద్ధం ఎందుకు? ప్రతి ఫ్లాస్కునూ ఓవెన్‌లో ఆరబెట్టింది. ద్రావకాన్ని మరిగించి, గాలి తగలకుండా వాడింది. ఫ్లాస్కులోకి గాలి రానివ్వని నైట్రోజన్ బెలూను సగానికి తగ్గితే చాలు, పరుగున వెళ్ళి కొత్తది తగిలించింది. పొగలు లాగే హుడ్ అద్దం మీద ఏ పూట ఏం చేయాలో చిన్న అక్షరాలతో రాసుకుంది. నాకు ఒళ్ళు మండింది. తప్పు దొరికుంటే బాగుండేది.

నా మొదటి బ్యాచ్ లైగాండ్ ఉన్న పాత సీసాలోది తీసి నేను మళ్ళీ చేశాను. తొంభై. నాకు వస్తోంది, ఆమెకు రావడం లేదు. పెద్దాయన నవ్వి, నీ హస్తవాసి మంచిదమ్మా అన్నారు. డాక్టర్లకు అనే మాట మాకు అంటే అది మెచ్చుకోలు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కరి హస్తవాసితో వచ్చేదాన్ని ఏ పత్రికా అచ్చువేయదు.

మార్చి 3, మంగళవారం

రిపోర్టు రాసి పంపించేశాను. తర్వాత తర్వాత అంటే మర్చిపోతాను. పెద్దగా ఏమీ రాయలేదు, ఒక్క వాక్యం: "తెలివి ఉన్నా చేతి పనిలో శుభ్రత, నమ్మకం లోపించాయి." ఉన్నదే రాశాను. రెండుసార్లు విఫలమైన మనిషి గురించి ఇంతకన్నా మెత్తగా రాయడం ఎలా?

ఇంట్లో ఇంకో తగువు నడుస్తోంది. మావయ్యగారికి మా ఆయన కొత్త పళ్ళ సెట్టు చేశాడు. మూడుసార్లు అచ్చు తీసి, వెంట్రుకంత తేడా లేకుండా చేశాడు. ఆయన దాన్ని గ్లాసులో పెట్టి, అరిగిపోయిన పాత సెట్టే పెట్టుకుంటున్నారు. కొలతలో తప్పేమీ లేదు నాన్నా అని మా ఆయన అంటే, "కొలత నీదిరా, నోరు నాది" అన్నారు. అన్నం దగ్గర నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. నవ్వి చాలా రోజులైందని మా ఆయన అన్నాడు.

మార్చి 6, శుక్రవారం

బుధవారం పెద్దాయన పిలిచి, నువ్వే మొదటి మెట్టు నుంచి ఇంకో బ్యాచ్ చేయి, పక్కన ఆ అమ్మాయిని నిలబెట్టుకో, చూసి నేర్చుకుంటుంది అన్నారు. మంచి ఆలోచనే. ఇది నేనే చెప్పి ఉండాల్సింది, తీరిక లేక చెప్పలేదు.

నిజానికి తీరిక ఉంది.

మూడు రోజులుగా లైగాండ్ తయారీ ఐదు మెట్లూ చేస్తున్నాను. మా మూడో అంతస్తు కిటికీకి రంగువేసినప్పుడు రెక్కలు అతుక్కుపోయాయి, తెరుచుకోదు, మధ్యాహ్నానికి గది ఉడికిపోతుంది. పొదుపు నా భుజం పక్కనే నిలబడి రాసుకుంటోంది. ఒక్క ప్రశ్న వేయలేదు. చివరి మెట్టులో ఫ్లాస్కును నైట్రోజన్ కింద పదహారు గంటలు కలుపుతూ ఉంచాలి. ఉంచాను. పదహారు గంటలకు ఆపాను. నోట్‌బుక్‌లో ఎలా ఉందో అలాగే.

మార్చి 9, సోమవారం

ఈరోజు రాయడానికి ఏమీ లేదు.

మార్చి 10, మంగళవారం

పదకొండు.

మార్చి 11, బుధవారం

నికెల్ సీసా కొత్తది, దాని తప్పు కావచ్చు. తేమ కావచ్చు. ద్రావకం కంపెనీ మారింది. ఇలా ఒక పేజీ నిండా కారణాలు రాసి, ఒక్కొక్కటే కొట్టేశాను. అదే నికెల్‌తో, అదే ద్రావకంతో పాత సీసా నిన్న సాయంత్రం కూడా ఎనభై తొమ్మిది ఇచ్చింది. పాత సీసాలో ఇక చెంచాడు కూడా లేదు.

పెద్దాయనకు నా పదకొండు గురించి ఇంకా చెప్పలేదు. పొదుపు చూసింది. ఆమె చెప్పే రకం కాదు.

మొదటి బ్యాచ్ ఎలా చేశానో నోట్‌బుక్‌లో అంతా ఉంది. అంతా ఉంది.

మార్చి 13, శుక్రవారం

ఒక ఉపాయం తట్టింది. పొదుపు చేతికి నా పాత సీసా ఇచ్చి, ముందు దీనితో అలవాటు చేసుకో అన్నాను. ఎనభై తొమ్మిది వచ్చింది. అంకె చూసిన పెద్దాయన ముఖం వెలిగిపోయింది. లైగాండ్ ఎవరు చేసిందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అబద్ధం ఆడలేదు కదా, అడగనిదానికి జవాబు ఇవ్వలేదంతే.

ఇందులో ఆ అమ్మాయికీ మేలు ఉంది. ఇప్పుడు ఆమె చేతుల్లోనూ వచ్చినట్టే. ఆ రిపోర్టు వెనక్కి తీసుకుని ఇంకో మాట రాస్తే ఆమె ఉద్యోగమూ నిలుస్తుంది. సోమవారం ఆఫీసుకు వెళ్ళి అడుగుతాను.

మార్చి 16, సోమవారం

ఆఫీసు దాకా వెళ్ళాను. గుమాస్తా సెలవులో ఉంది. రేపు చూద్దాం.

మార్చి 17, మంగళవారం

మధ్యాహ్నం పొదుపు నా బల్ల దగ్గరికి వచ్చి రెండు కాగితాలు పెట్టింది. ఫాస్ఫరస్ స్పెక్ట్రమ్‌లు, అంటే ఫాస్ఫరస్ ఎన్ని రకాలుగా ఉంటే అన్ని శిఖరాలు చూపించే గ్రాఫులు. ఒకటి తను చేసిన లైగాండ్‌ది. నున్నటి గీత మీద ఒకే ఒక్క శిఖరం, అందంగా ఉంది. రెండోది నా సీసాలోది. దాంట్లో అదే శిఖరం ఉంది, దానికి దూరంగా ఇంకో రెండున్నాయి.

ఆ ఇంకో రెండూ ఏమిటో చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. ఫాస్ఫరస్ చేతుల్లో ఒకటి గాలిలోని ఆక్సిజన్ పట్టుకుంది. ఒక చేయి బాగున్న అణువు, ఒక చేయి పాడైన అణువు. సీసాలో మూడో వంతు అదే. మొదటి బ్యాచ్‌కు ఫాస్ఫరస్ స్పెక్ట్రమ్ నేను తీయలేదు. మెషిన్ దగ్గర వరుస పొడుగ్గా ఉందని మామూలుదే తీసి ఊరుకున్నాను. దాంట్లో ఈ తేడా కనిపించదు.

ఆమె రెండు కాగితాలనూ పక్కపక్కకు జరిపింది. తర్వాత, "నాది శుభ్రంగా ఉంది మేడమ్. మీది పనిచేస్తోంది" అంది.

కాగితాలు నా దగ్గరే వదిలి వెళ్ళింది. సింకు పైన పంపు ఎవరో సరిగా కట్టలేదు, సాయంత్రం దాకా ఆ చుక్కలు వింటూ కూర్చున్నాను.

మార్చి 18, బుధవారం

రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఈ డైరీ కూడా ఆ నోట్‌బుక్ లాంటిదే.

జనవరి 21, బుధవారం సాయంత్రం ఐదింటికి ముప్పై ఒకటో లైగాండ్ చివరి మెట్టు మొదలుపెట్టాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆపాలి. గురువారం బస్సులో ఉండగా ముప్పయ్యోదాని ఆఖరి ఫలితం ఫోనులో వచ్చింది. మళ్ళీ మడ్డి. నా స్టాపు వచ్చింది, నేను దిగలేదు. అంతే, దిగలేదు. దిగకూడదని ముందుగా ఏమీ అనుకోలేదు. బస్సు చివరిదాకా వెళ్ళి, అక్కడో సినిమా హాలు కనిపిస్తే వెళ్ళి కూర్చున్నాను. ఆట అయిపోయాక టికెట్ కొని అదే సినిమా మళ్ళీ చూశాను. కథేమిటో చెప్పమంటే ఇప్పుడు చెప్పలేను. ల్యాబ్‌కు జ్వరమని, ఇంటికి ల్యాబ్‌లో ఉన్నానని చెప్పాను. నలభై ఆరేళ్ళ మనిషిని, బడి ఎగ్గొట్టిన పిల్లలా. ఇక ఈ పని నావల్ల కాదని, ఏ బడిలోనో పాఠాలు చెప్పుకుని బతుకుదామని హాల్లో కూర్చునే నిర్ణయించుకున్నాను.

మధ్యాహ్నం పొదుపు ఫోన్ చేసింది. ఫ్లాస్కు ఆపమంటారా మేడమ్ అని అడిగింది. ముట్టుకోవద్దు అన్నాను. విసుగ్గా అన్నాను.

శుక్రవారం పన్నెండింటికి వెళ్ళేసరికి బెలూను ఫ్లాస్కు మెడ మీద తోలు తిత్తిలా వేలాడుతోంది. నైట్రోజన్ ఎప్పుడో అయిపోయింది. లోపలికి గాలి చేరిపోయింది. నలభై మూడు గంటలు. పారబోద్దామనే తీశాను. మళ్ళీ మొదటి నుంచి చేసే ఓపిక లేక, ఏదైతే అదవుతుందని కడిగి, ఆరబెట్టి, సీసాలో వేశాను. నోట్‌బుక్‌లో "నైట్రోజన్ కింద పదహారు గంటలు" అని రాశాను. పెద్దాయన వారానికోసారి కట్ట కట్టగా సంతకాలు పెడతారు, పెట్టేశారు.

తొంభై ఒకటి వచ్చినప్పుడు నాకు ఆ బెలూను గుర్తొచ్చింది. గుర్తురాలేదని రాయబోయి ఆగాను. వచ్చింది. ఫిబ్రవరి 9నే వచ్చింది. మా ఆయన నా ముఖంలో చూసింది అదే అయ్యుంటుంది.

నా బొమ్మ తప్పు. నాలుగేళ్ళు నేను నమ్మిన బొమ్మ. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే నికెల్ కుదురుగా ఉంటుందనుకున్నాను, ఉంటోంది కూడా. ఎంత కుదురుగా అంటే, పని చేయడానికి దాని చుట్టూ చోటే లేదు. అతకాల్సిన అణువులు వచ్చి ఎక్కడ కూర్చోవాలి? పాడైన చేయి ఉంటే, అది నికెల్‌ను వదిలి చోటిస్తుంది, పనవగానే మళ్ళీ వచ్చి పట్టుకుంటుంది. లైగాండ్‌కు కావాల్సింది పట్టువిడుపు. నేను పట్టు ఒక్కటే గీశాను. శుభ్రంగా చేసిన కొద్దీ పనిచేయదు. ఆ అమ్మాయి నాకన్నా శుభ్రంగా చేసింది కాబట్టి ఓడిపోయింది.

జనవరిలో ఫ్లాస్కు గురువారం మధ్యాహ్నం కూడా తిరుగుతూనే ఉందని ఆమెకు తెలుసు. నోట్‌బుక్‌లో పదహారు గంటలని చదివినప్పుడు ఆమె ఏమనుకుని ఉంటుంది? తలెత్తుకోలేకపోతున్నాను.

మార్చి 19, గురువారం

మా ఆయనకు చెప్పాను, సినిమా హాలుతో సహా. మైనం చల్లారిపోతున్నా చివరిదాకా విన్నాడు. జనవరిలో రెండు రోజులు నీ అన్నం డబ్బా ఖాళీ అవకుండా తిరిగొచ్చింది, అడుగుదామనుకుని ఊరుకున్నానని చెప్పాడు. అడిగి ఉండాల్సిందని నేను పోట్లాడాను. పోట్లాడాల్సిన మనిషి తను కదా, అయినా నేనే పోట్లాడాను.

తర్వాత అన్నాడు: "పళ్ళు సరిగ్గా లేవని నాన్న చెప్పడానికి నెల పట్టింది. నాకు నొప్పి కలుగుతుందనట. నీది ఎవరికి నొప్పి కలుగుతుందనో ఆలోచించుకో."

పొదుపుకు. ఇందులో ఆలోచించడానికేముంది?

మార్చి 20, శుక్రవారం

పెద్దాయనకు అన్నీ చెప్పాను. బెలూను, గంటలు, నా పదకొండు, ఆమె చేతికిచ్చిన సీసా. నోట్‌బుక్‌లో ఏదీ చెరపకూడదు, ఒక్క గీత గీసి, కింద అక్షరాలు కనబడుతుండగానే పైన సరైనది రాయాలి. పదహారు మీద గీత గీసి నలభై మూడు అని రాశాను. నైట్రోజన్ మీద గీత గీసి గాలి అని రాశాను. ఆయన తన సంతకం వైపే చూస్తూ కూర్చున్నారు. నా మీద అరుస్తారనుకున్నాను. తను చదవకుండా సంతకం పెట్టిన పేజీలు ఇంకెన్ని ఉన్నాయో అని మాత్రం అన్నారు.

రేపటి నుంచి పొదుపు చేతికి పని మొత్తం ఇమ్మన్నారు. ఒక ఫాస్ఫరస్ చేతిని కావాలనే, లెక్క ప్రకారం పాడుచేసిన లైగాండ్ చేయాలి. ఆఫీసుకు వెళ్ళి, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని కాగితం కూడా ఇచ్చాను. గుమాస్తా తీసుకుని ముద్ర వేసింది. ఊపిరి పీల్చుకున్నాను.

మార్చి 25, బుధవారం

తొంభై నాలుగు. మూడుసార్లూ. నా కళ్ళ ముందే.

ఆక్సిజన్ ఇచ్చే మందును ఐసు మీద, చుక్క చుక్కగా, ఒక్క చేతికి సరిపడా మాత్రమే వేసింది. రెండో చేయి ముట్టలేదు. అంత నిదానం నాకు ఈ జన్మలో రాదు. మూడోసారి అంకె వచ్చినప్పుడు ఆమె నవ్వింది. ఎనిమిది నెలల్లో, కాదు, ఇప్పటికి తొమ్మిది నెలల్లో మొదటిసారి ఆమె పళ్ళు చూశాను.

పేపర్ మీద మొదటి పేరు ఆమెదే ఉండాలని చెప్పాను. పెద్దాయన సరేనన్నారు. నాలోపల ఏదో కలుక్కుమంది. అదీ రాసుకుంటున్నాను.

మార్చి 27, శుక్రవారం

పొడిగించలేదు.

పొడిగింపుల జాబితా పదో తేదీనే ఖాయమైందట. నా కాగితం ఇరవయ్యో తేదీన అందింది. ఆమె స్థానాన్ని వేరే ల్యాబ్‌కు ఇచ్చేశారు. పెద్దాయన రెండు ఫోన్లు చేశారు, నేను మెట్లెక్కి దిగాను. ఏమీ కాలేదు. పదమూడో తేదీన నేను ఆమెకు మేలు చేస్తున్నాననుకున్నప్పటికే మూడు రోజులు ఆలస్యం.

గుమాస్తా ఫైలు తిప్పి చూపించింది. నా వాక్యం కింద పొదుపు సంతకం. చదివినట్టు ఆ మనిషి చేత సంతకం పెట్టిస్తారు, మార్చి 5న పెట్టించారు. చూపిస్తారని నాకు తెలియదు. ఆ మాట కొట్టేస్తున్నాను. తెలుసు, నా రిపోర్టులన్నీ నాకూ చూపించారు.

అంటే నా పక్కన నిలబడి రాసుకుంటున్నప్పుడు ఆమె ఆ వాక్యం చదివే ఉంది. ఆ స్పెక్ట్రమ్‌లు నా బల్ల మీద పెట్టినప్పుడూ చదివే ఉంది. సాయంత్రం ఆమె గాజు సామాను కడుగుతుంటే పక్కకు వెళ్ళి నిలబడ్డాను. క్షమించమని అడిగాను, మాటలు సరిగా రాలేదు. నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఉంటే ఉద్యోగం నిలిచేది కదా, నా దగ్గరికి ఎందుకు తెచ్చావని అడిగాను.

ఆమె ఫ్లాస్కు బోర్లించి ఆరబెట్టింది. "నేను చెప్తే అది మీ తప్పవుతుంది మేడమ్. మీరు చెప్తే మన పనవుతుంది. అంతే అనుకున్నా."

తర్వాత ఇంకో మాట కూడా అంది. "కోపం రాలేదని కాదు."

ఏప్రిల్ 10, శుక్రవారం

వెళ్ళిపోయింది. రంగుల ఫ్యాక్టరీలో చేరుతోంది, డబ్బాల్లో చిక్కదనం కొలిచే పని. తన హుడ్ అద్దం మీద అక్షరాలు తనే తుడిచి వెళ్ళింది. తుడవకుండా ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 29, బుధవారం

పత్రిక వాళ్ళు పేపర్‌తో పాటు ఇంకో మనిషి చేసిన అంకె కూడా అడుగుతారు. ఇప్పుడా ఇంకో మనిషిని నేను. పొదుపు రాసిన పద్ధతి ముందు పెట్టుకుని చేశాను.

ముప్పై ఎనిమిది. రెండోసారి ముప్పై ఒకటి. మూడోసారి నలభై.

మొన్న ఆమెకు మెయిల్ రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. చుక్కకు చుక్కకు మధ్య ఎంతసేపు ఆగాలో, ఐసు ఎప్పుడు మార్చాలో, ఏ సూది వాడాలో, అన్నీ ఉన్నాయి. దాచిందేమీ లేదు. అవన్నీ నేను చేసినవే, అయినా రావడం లేదు. రెండో చేయి కూడా పాడైపోతోంది.

మే 6, బుధవారం

పెద్దాయన గదిలోకి పిలిచారు. బల్ల మీద నా మూడు అంకెలు, పక్కన పొదుపు మూడు అంకెలు, వాటి పక్కన ఒక ఫైలు ఉంది. ఆయన చెడ్డ మనిషి కాదు. ఎనిమిది వారాల్లో వెళ్ళిపోతారు, చేతిలో పేపర్ లేదు. కళ్ళజోడు సవరించుకుని మెల్లగా అడిగారు, ఆ తొంభై నాలుగు నిజమేనంటావా, ఎక్కడైనా పొరబడి ఉంటుందేమో చూశావా, అది కొట్టేస్తే నీ నలభైతోనే జూన్‌లోపు పేపర్ పంపొచ్చు కదా అని. తర్వాత ఫైలు తెరిచి, నొచ్చుకుంటూనే పైకి చదివారు.

"తెలివి ఉన్నా చేతి పనిలో శుభ్రత, నమ్మకం లోపించాయి. ఇది నువ్వు రాసిందేనమ్మా."

ఆఫీసులో నా రెండో కాగితం తీసుకున్నారు, మొదటిది తీసేయలేదు. రెండూ ఒకే ఫైల్లో ఉన్నాయి, కాకపోతే మొదటిది పైన ఉంది.

ఒక్క క్షణం ఆశ పుట్టింది. దాన్ని కూడా రాయాలి. ఆ అమ్మాయి అంకె తప్పయితే, నా ముప్పై ఎనిమిది తప్పు కాకుండా పోతుంది. నా వాక్యం కూడా నిజమైపోతుంది. నేను తల ఊపితే చాలు, ఎవరూ నన్ను ఏమీ అనరు, ఆమె ఇక్కడ లేదు.

"ఆమె చేతుల్లో మూడుసార్లు వచ్చింది సర్, నేను చూశాను. నా చేతుల్లో రావడం లేదు. తప్పు ఆమె చేతుల్లో లేదు, ఆ వాక్యంలో ఉంది."

ఆయన ఫైలు మూసి సొరుగులో పెట్టారు. అలా అయితే జూన్‌కు అవదు అన్నారు. అవదని నేనూ చెప్పాను. నేను నేర్చుకునేదాకా ఆగాల్సిందేనా అని అడిగారు. అవును సర్, నేర్చుకునేదాకా అన్నాను.

బయటికొచ్చి నాలుగో ఫ్లాస్కుకు ఐసు దంచుకున్నాను.